ఆదివారం వాక్కు నడిచి వచ్చిన దారి

పూజలో సువిశేషం చదివిన గురువు పుస్తకం మూసి, ప్రజలవైపు చూసి మాట్లాడటం మొదలుపెడతాడు. ప్రతి ఆదివారం మనం చూసే ఈ ఘడియకు దాదాపు రెండు వేల ఏళ్ల వయసుంది. నజరేతు ప్రార్థనామందిరంలో యేసు యెషయా గ్రంథపు చుట్ట విప్పి చదివి, చుట్టి ఇచ్చేసి, కూర్చుని దానికి అర్థం చెప్పాడని లూకా రాశాడు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో పునీత జస్టిన్ చక్రవర్తికి రాసిన విన్నపంలోనూ అదే వరస కనిపిస్తుంది. ఆదివారం ఊళ్లవాళ్లూ పల్లెలవాళ్లూ ఒకచోట చేరతారు, అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో వేళ ఉన్నంతసేపు చదువుతారు, ఆపైన పెద్ద లేచి విన్నదాన్ని ఆచరణలో పెట్టమని హితవు చెబుతాడు. తరువాతి కాలంలో అంతియొకయలోనూ కాన్‌స్టాంటినోపుల్‌లోనూ యోహాను క్రిసోస్తోము ‘బంగారు నోటివాడు’ అనిపించుకున్నాడు. ఉత్తరాఫ్రికాలో హిప్పో రేవుపట్టణపు జనానికి అగుస్తీను ఏళ్ల తరబడి ప్రసంగాలు చేశాడు. వాళ్లు మాట్లాడుతుంటే రాసుకునే లేఖకులు ఉన్నారు కాబట్టే ఆ మాటలు నేటికీ మన చేతిలో ఉన్నాయి.

శతాబ్దాలు గడిచాక, 1570లో ఐదవ పయస్ పోపు వెలువరించిన పూజాగ్రంథం లాటిన్ సభలో దాదాపు అంతటికీ ఒకే క్రమం ఏర్పరచింది. పఠనాలు లాటిన్‌లో, ఏడాదికొకసారి అవే తిరిగి వచ్చేవి. ఒక లేఖా భాగం, ఒక సువిశేష భాగం, అంతే. పాత నిబంధన ఆదివారాల్లో దాదాపు వినిపించేది కాదు. పీఠం దగ్గర గురువు లాటిన్ చదువుతుంటే వెనక జనం జపమాల చెప్పుకునేవారు. ప్రసంగం ఉన్నా తరచుగా అది సత్యోపదేశ పాఠమే తప్ప ఆనాటి పఠనానికి వ్యాఖ్యానం కాదు.

తెలుగు నేలకు వాక్కు ఈ లాటిన్ క్రమంతోనే వచ్చింది. కానీ తెచ్చినవాళ్లు తెలుగును పట్టుదలగా నేర్చారు. 18వ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు సన్యాసుల వేషంలో, శాకాహార నియమంతో పుంగనూరు ప్రాంతంలో అడుగుపెట్టారు. వారిలో కాల్మెట్ వేదాల ప్రతులు సేకరించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపాడు. కూర్దూ తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో ఉన్న చుట్టరికాన్ని 1767లోనే ఫ్రెంచి పండితుల దృష్టికి తెచ్చినవాడు ఆయనే. మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనం పేరుతో క్రీస్తు కథను ప్రబంధంగా చెప్పింది కూడా ఆ శతాబ్దంలోనే. 1773లో యేసుసభ రద్దు కావడంతో ఆ వెలుగు మసకబారింది. కరవులకూ కల్లోలాలకూ తట్టుకోలేక రాయలసీమ నుంచి గుంటూరు సీమకు కదిలిన విశ్వాస కుటుంబాలు గురువు ముఖం చూడకుండా ఏళ్లు గడిపాయి. 1846లో విశాఖపట్నానికి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు, 1855లో హైదరాబాదు ప్రాంతానికి మిలాన్ గురువులు, ఆ తరువాత ఫిరంగిపురం వైపు మిల్‌హిల్ ఫాదర్లు వచ్చాకే విచారణలు మళ్లీ నిలదొక్కుకున్నాయి.

అయితే ఈ చరిత్రలో అసలు బరువు మోసినవాడు ఉపదేశి. ఒక్కో గురువు కింద పదుల ఊళ్లు ఉండేవి. పూజ ఎప్పుడో ఒకనాడు. మిగిలిన ఆదివారాలన్నీ ఉపదేశివే. కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న జనాన్ని సందెవేళ గుడి ముందు కూర్చోబెట్టి, జపాలు నేర్పి, పాట ఎత్తుకుని, సువిశేషాన్ని కథగా చెప్పేవాడు. విత్తువాడి ఉపమానం వాళ్లకు వేరే వివరించే పనేముంది? బాటమీద పడ్డ గింజను పిట్ట ఎత్తుకుపోవడం, ముళ్లపొదలో మొలక ఊపిరాడక చావడం రోజూ కళ్ల ముందున్నవే. నా దృష్టిలో మన భాషలో ఆదివారపు వ్యాఖ్యానం పుట్టింది అక్కడే, ఆ గుడి అరుగు మీదనే.

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనపై చేసిన ప్రకటనతో తలుపులు తెరుచుకున్నాయి. బైబులు నిధులను ప్రజలకు మరింత ధారాళంగా పంచాలనీ, ప్రసంగం ఆరాధనలో భాగమనీ, ఆదివారాల్లో దాన్ని మానకూడదనీ సభ చెప్పింది. 1969 ఆగమన కాలం నుంచి కొత్త పఠన క్రమం, లాటిన్‌కు బదులు ప్రజల భాషల్లో, వాడుకలోకి వచ్చింది. మూడేళ్ల చక్రం: మత్తయి ఒక ఏడు, మార్కు ఒక ఏడు, లూకా ఒక ఏడు. యోహాను తపస్సు కాలంలో, పాస్కా కాలంలో వినిపిస్తాడు. మొదటి పఠనం పాస్కా కాలంలో తప్ప పాత నిబంధన నుంచే, అదీ చాలావరకు సువిశేషానికి జోడుగా. లూకా సంవత్సరంలో 25వ ఆదివారం చూడండి. కొలత తగ్గించి, దొంగ త్రాసుతో పేదవాణ్ణి ముంచే వ్యాపారులపై ఆమోసు ప్రవక్త విరుచుకుపడతాడు. ఆనాటి సువిశేషంలో దేవునికీ ధనానికీ కలిపి ఊడిగం చేయలేరన్న యేసు మాట వస్తుంది. మిరప బస్తాలు కాటా మీద పెట్టిన రైతు ఈ రెండింటినీ తన భాషలో వింటే గురువు సగం ప్రసంగం అప్పటికే అయిపోయినట్టు. నాలుగు వందల ఏళ్లు ఆదివారాల్లో మూగవోయిన ప్రవక్తలు తెలుగులో నోరు విప్పడం నాకు ఈ చరిత్రలోకెల్లా పెద్ద మలుపు.

1967లో బెంగళూరులో అమలోర్పవదాస్ గురువు సారథ్యంలో మొదలైన కతోలిక జాతీయ కేంద్రం గురువులకూ గృహస్థులకూ బైబులు, ఆరాధనల్లో శిక్షణనిచ్చింది. సికింద్రాబాదులోని అమృతవాణి తెలుగు పాటలూ పుస్తకాలూ అందించింది. పఠన పీఠం దగ్గరికి కాలేజీ అమ్మాయి, బడిపంతులు, కూలి తల్లి నడిచివచ్చారు. 2013లో ఫ్రాన్సిస్ పోపు తన ప్రబోధ పత్రంలో ప్రసంగం గురించే పాతిక పేరాలు రాసి, క్లుప్తంగా, తల్లి బిడ్డతో మాట్లాడినట్టు చెప్పమన్నాడు. 2019లో సామాన్య కాలపు మూడవ ఆదివారాన్ని దేవుని వాక్కు ఆదివారంగా నిలిపాడు. ఇవాళ శనివారం రాత్రికే మరునాటి ధ్యానం ఫోన్లో వచ్చేస్తోంది. దుబాయిలో ఉన్న కొడుకూ పల్లెలో ఉన్న తల్లీ ఒకే ఆదివారం ఒకే పఠనం వింటున్నారు.

అగుస్తీను పక్కన లేఖకులు ఉన్నారు. మన ఉపదేశుల పక్కన ఎవరూ లేరు. మీ విచారణలో పాత ఉపదేశి ఎవరైనా ఉంటే, లేదా వాళ్ల పిల్లల ఇళ్లలో పెట్టె అడుగున ఒక నోటుపుస్తకం మిగిలి ఉంటే, ఈ ఆదివారం పూజ అయ్యాక వెళ్లి కూర్చోండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా రాసుకోండి.