‘ఉస్తాద్’ అంటే అసలు అర్థం ఏంటి? ఈ మాట మన దగ్గరికి ఎలా వచ్చింది?

బాన్సువాడ: బైక్ షెడ్‌కి వెళ్తే ‘ఉస్తాద్ వచ్చినంక చూస్తడు’ అంటారు. లారీ క్లీనర్ డ్రైవర్‌ని ‘ఉస్తాద్’ అనే పిలుస్తాడు. అదే మాట సంగీత కచేరీ పోస్టర్‌పై గొప్ప కళాకారుడి పేరు ముందు కనిపిస్తుంది. ఇంతకీ ఉస్తాద్ అంటే ఎవరు?

ఎక్కడి మాట?

ఇది పారసీ పదం. గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థం. పారసీ నుంచి అరబిక్, టర్కిష్, ఉర్దూ భాషల్లోకి వెళ్లింది. అరబ్ దేశాల్లో యూనివర్సిటీ ప్రొఫెసర్‌ని ‘ఉస్తాజ్’ అంటారు. టర్కీలో చేయి తిరిగిన పనివాడు ‘ఉస్తా’. ఉర్దూలో మహిళా గురువుని ‘ఉస్తానీ’ అంటారు. నేర్చుకునేవాడు ‘షాగిర్ద్’.

మన దగ్గరికి ఎలా?

బాన్సువాడ ప్రాంతం 1948 వరకు నిజాం పాలనలోనే ఉంది. అక్కడ మొదట పారసీ, తర్వాత ఉర్దూ అధికార భాషలు. అలా ఆఫీసుల్లోని మాటలు బజారుకూ, పొలానికీ చేరాయి. తెలుగులో ఇదే పదం ‘వస్తాదు’గా మారి, కుస్తీ నేర్పేవాడు, బలశాలి అనే అర్థంలో స్థిరపడింది. కుస్తీ నేర్చుకునే చోటుని ‘తాలీం’ అంటాం కదా, దానికీ అసలు అర్థం ‘నేర్పడం’ అనే.

సంగీతంలో ఉస్తాద్

హిందుస్తానీ సంగీతంలో ముస్లిం విద్వాంసులను ‘ఉస్తాద్’ అని, హిందూ విద్వాంసులను ‘పండిట్’ అని పిలవడం ఆనవాయితీ. బిరుదులు వేరైనా విద్య ఒకటే. పండిట్ రవిశంకర్‌కి సితార్ నేర్పిన గురువు ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్. షెహనాయ్ విద్వాంసుడు ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్‌కి 2001లో భారతరత్న దక్కింది. మరో దిగ్గజం ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ 1968లో కన్నుమూసింది మన హైదరాబాద్‌లోనే.

శిష్యుడిగా చేర్చుకునేటప్పుడు గురువు చేతికి దారం కడతారు. దీన్ని ‘గండా బంధన్’ అంటారు. ఆ తర్వాత తన ఉస్తాద్ పేరు చెప్పాల్సి వస్తే శిష్యుడు చెవి పట్టుకుని మరీ చెబుతాడు. అది గౌరవ సూచకం.

సర్టిఫికెట్ లేని బిరుదు

ఇప్పుడు సినిమా టైటిల్స్‌లో ‘ఉస్తాద్’ అంటే మొనగాడు అన్నట్టే వాడుతున్నారు. కానీ పాత అర్థంలో నేర్పడమే ముఖ్యం. ఎంత పనితనం ఉన్నా తనను తాను ఉస్తాద్ అని చెప్పుకుంటే నవ్వుతారు. ఆ మాట నేర్చుకున్నవాళ్ల నోటి నుంచే రావాలి. కచేరీ వేదికైనా, బాన్సువాడ రోడ్డు పక్కన షెడ్ అయినా లెక్క ఒకటే. పక్కన నిలబడి పాన అందిస్తూ పని నేర్చుకున్న కుర్రాడు, రేపు సొంతంగా షెడ్ పెట్టుకున్నా, ‘మా ఉస్తాద్ నేర్పిండు’ అంటాడు. ఆ మాటకి అంతకు మించిన అర్థం డిక్షనరీలో దొరకదు.