రామారావు గోదావరిలో కోరాపుట్ నీళ్లు

కోరాపుట్ జిల్లా సునాబెడ అనగానే మనవాళ్లకు హెచ్‌ఏఎల్ గుర్తొస్తుంది. మిగ్ విమానాలకు ఇంజిన్లు తయారుచేసిన ఊరు. కానీ ఆ ఊరి చుట్టూ ఉన్న పీఠభూమి అంతకన్నా పెద్ద కార్ఖానా, అక్కడ తయారయ్యేది నీరు. 1,672 మీటర్ల దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం. చలికాలం మొదట్లో వలిసె పూలతో కొండవాలులు పసుపు ఆరబోసినట్టుంటాయి. రెండు కొండలు కలిసిన ప్రతిచోటా ఒక గెడ్డ. కోరాపుట్ జిల్లా సింకరం కొండల్లో పుట్టిన కొలాబ్ ఇలాంటి గెడ్డల్ని కలుపుకుంటూ కిందికి దిగి, మన దగ్గరికొచ్చేసరికి శబరి అవుతుంది. మోటు దగ్గర సీలేరు దానిలో కలుస్తుంది. కూనవరంలో శబరి గోదావరిలో కలుస్తుంది. ఆ దిగువనే పాపికొండలు.

కనుమల్ని చీల్చుకొస్తున్న ఆ గోదావరిని బొమ్మ కట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావు. 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో పుట్టాడు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, గోదావరంటే ప్రాణం పెట్టిన మనిషి. కుర్రవాడి చేతిలోని పనితనం పసిగట్టి బొంబాయి జె.జె. స్కూలు దారి చూపించింది ఆయనే. రామారావు గీసిన ‘తూర్పు కనుమల్లో గోదావరి’ వైస్రాయ్ లార్డ్ రీడింగ్ మెప్పు పొందింది.

ఆయనకు 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయ్ బహుమతి తెచ్చిన చిత్రం మాత్రం వేరు. అది ఋష్యశృంగుడి కథ. అడవి తప్ప మరేమీ ఎరగని ముని కుమారుణ్ని నగరం వలవేసి పట్టుకుపోయే ఘట్టం. అంగరాజ్యంలో చినుకు పడక, వాన కోసం అడవిబిడ్డను ఆశ్రయించాల్సి వచ్చిన కథ కదా అది! ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కనే పెట్టి చూడాలనిపిస్తుంది నాకు. ఒకదానిలో అడవి ఇచ్చే వాన, రెండోదానిలో ఆ వాన పారే దారి. పర్యావరణం గురించి ఉపన్యాసాలిచ్చే కాలం కాదది. అయినా కొండను వెనక తెరగా కాక, కథకు మూలంగా చూసిన కన్ను రామారావుది.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. రాజమహేంద్రవరంలో ఆయన పెట్టిన చిత్రకళాశాలను మిత్రుడు వరద వెంకటరత్నం నిలబెట్టారు. అప్పటికి కోరాపుట్ కొండలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లావే. 1936లో ఒడిశా ఏర్పడ్డాక గాని మనకు పరాయి కాలేదు.

కోరాపుట్ నుంచి గోదావరి దాకా ఆ నీటి దారికి ఇప్పుడు రెండు చివర్లా మార్పే. పైన, సునాబెడకు దగ్గర్లోని పంచపట్మాలి కొండ నెత్తిన నాల్కో దశాబ్దాలుగా బాక్సైట్ తవ్వుతోంది. కింద, పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానం అయితే అయ్యాయి గాని, పోలవరం జలాశయం 150 అడుగులకు నిండితే రామారావు ఎరిగిన ఒడ్డులు చాలావరకు నీటి కిందికి పోతాయి. ఆ వెనుకనీరు మోటు దాకా ఎగదన్నుతుందని ఒడిశా సుప్రీంకోర్టులో వాదిస్తోంది. ఆనకట్ట అక్కర్లేదని నేననను, గోదావరి డెల్టా తిండి తిన్నవాణ్ని. కానీ మునిగేదాన్ని మునగకముందే కాగితం మీదికి ఎక్కించే చేతులు కావాలి. రాజమహేంద్రవరంలోని దామెర్ల ఆర్ట్ గ్యాలరీ ప్రతి ఏటా కొందరు కుర్ర చిత్రకారుల్ని రంగులిచ్చి కూనవరానికి, అక్కణ్నుంచి శబరి వెంట సునాబెడ కొండల దాకా పంపితే బాగుంటుంది. పోలవరం నిండేలోగానే ఆ పని మొదలుకావాలి.