మహానాగపర్వతము

ఇటలీ దేశపు సముద్రతీరమున కొండకొమ్ములపై వెలసిన చిన్న పట్టణములను గూర్చి మన విద్యావంతులు ముచ్చటించుకొనుట మేము పలుమారులు వినియున్నాము. అచ్చటి రాతిమెట్లు, ఇరుకు వీధులు, పాతబడిన మఠములు, దిగువను నీలసముద్రము, వీనినన్నిటిని పటములలో చూచి, వీలైనవారు స్వయముగా పోయి చూచి వచ్చి, బంధువులకు వర్ణించి చెప్పుచుందురు. అది తప్పని మేమనము. దేశాటనమువలన బుద్ధి వికసించును. కాని ఏలూరులో పుట్టి, ఏలూరులో పెరిగి, రావెల్లో పట్టణమును చూచి వచ్చిన మా మిత్రుడొకరు, తమ యింటికి నలువది కిలోమీటరుల దూరమున నున్న గుంటుపల్లి కొండను ఎన్నడును చూడలేదని చెప్పినప్పుడు మాకు నవ్వు వచ్చినది. మేమును చూడలేదన్న సంగతి వెంటనే జ్ఞప్తికి వచ్చి ఆ నవ్వు ఆగిపోయినది.

కనుక మాఘమాసమున ఒక ఆదివారమునాడు ఆ మిత్రులును, మా పినతల్లిగారును, ఇద్దరు పిల్లలును, మేమును బయలుదేరితిమి. తాడేపల్లిగూడెము వైపునుండి వచ్చువారు ద్వారకాతిరుమల మీదుగా కామవరపుకోటకు చేరుదురు. మేము ఏలూరు నుండి పెదవేగి మీదుగా పోయితిమి. ఇది కొల్లేటి పల్లమునకు పూర్తిగా వేరైన నేల. ఏలూరునకు దక్షిణమున నల్లమట్టి, నీరు, చేపల చెరువులు, కొంగలు. ఉత్తరమున పది పన్నెండు కిలోమీటరులు పోవుసరికి ఎఱ్ఱమన్ను, కొబ్బరి, కోకో, పామాయిలు తోటలు. పెదవేగిలో పామాయిలు పరిశోధన సంస్థ యొకటి యున్నది. ఆ తోటల నడుమనే ఒకనాటి వేంగీపుర ముండెనని మార్గస్థునకు చెప్పునది మట్టిదిబ్బలు తప్ప మరేమియు లేదు.

అయినను ఆ పేరు సామాన్యమైనది కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున భూగోళమును రచించిన టాలెమీ పేర్కొన్న సాలకేనోయి జనులు శాలంకాయనులనియు, వారి బెనగౌరము వేంగీపురమనియు పండితులు తలంచుచున్నారు. అంతకు పూర్వపు గ్రీకు నావికుని గ్రంథమున మసాలియా తీరపు సన్నని నూలుబట్టల ప్రశంస కలదు. ఇప్పుడు మన మిత్రులు చూడబోవు ఆ ఇటలీ దేశమునకు మన తీరపు బట్టలు ఆనాడే పోయినవన్నమాట. నాలుగవ శతాబ్దమున సముద్రగుప్తుడు దక్షిణదిగ్విజయమున ఓడించిన రాజులలో వేంగి హస్తివర్మ యొకడని ప్రయాగ స్తంభశాసనము చెప్పుచున్నది. ఏడవ శతాబ్దమున పులకేశి గెలిచిన కునాలజలము మన కొల్లేరే యని ఐహోళె శాసనమును పరిశీలించినవారి నిర్ణయము. కళింగము, ద్రావిడము, కర్ణాటము, మహారాష్ట్రము, కోసలములకు పోవు అయిదు బాటలు వేంగిదేశమున కలిసెడివని చరిత్రకారులు వ్రాసిరి. బాట యున్నచోట వర్తకుడుండును. వర్తకుడు దానము చేయగలిగినచోట భిక్షువు నిలువగలడు. జీలకర్రగూడెమునకు పైనున్న ఆ కొండపై ఒక సంఘము శతాబ్దములకొలది బ్రతికినదన్న, దానికి ఈ బాటలే మూలము.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. సుమారు 640వ సంవత్సర ప్రాంతమున ఆంధ్రదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు వేంగీపుర ప్రాంతమున ఒంటికొండ యొకటి కలదనియు, దాని శిఖరమున రాతిస్తూప మున్నదనియు, అక్కడనే దిఙ్నాగాచార్యుడు తర్కగ్రంథమును రచించెననియు వ్రాసినాడు. ఈ మాట చదివినది మొదలు అది మన గుంటుపల్లి కొండయే కావలెనని మా మనస్సు ఉవ్విళ్లూరినది. మిత్రులు దారి పొడవునను దిఙ్నాగుని గూర్చియే మాటాడిరి. కాని యాత్రికుడు చెప్పినది నగరసమీపమున నున్న విహారమునకు నైరృతిగా ఇరువది లీల దూరము, అనగా రెండు మూడు క్రోసులు. గుంటుపల్లి పెదవేగికి ఉత్తరపు వైపున, అంతకు మిక్కిలి యెక్కువ దూరమున నున్నది. మనకు కావలసినది సాక్ష్యము చెప్పదు. కోరికను చరిత్రమని వ్రాయు అలవాటు మనలో కొంత ప్రబలినది గనుక, దిఙ్నాగుని ఆ కొండ మీదికి ఎక్కించకుండ దారిలోనే దింపివేసితిమి. మిత్రులకు కొంచెము కష్టము తోచినది.

కొండ పెద్దది కాదు. గుఱ్ఱపులాడము వలె వంగిన రెండు చరియలు, నడుమ లోయ. మెట్లెక్కి పోయినచో మొదట ఎదురగునది గుండ్రని చైత్యగుహ. దీనినిగూర్చి ముందు చదివియున్నను, లోపల నిలిచినప్పుడు కలిగిన ఆశ్చర్యము చదువువలన కలుగలేదు. సుమారు పదునెనిమిది అడుగుల వెడల్పుగల గుండ్రని గది. నడుమ రాతిలోనే మలచిన స్తూపము. చుట్టును ఒక మనిషి ప్రదక్షిణము చేయుటకు చాలినంత దారి. తలయెత్తి చూచినచో గోపురాకారమైన కప్పు, ఆ కప్పునకు వాసములు! మధ్యనుండి అంచులకు వంగి దిగిన వాసములు, వానిని అడ్డముగా పట్టియుంచిన బద్దలు, అన్నియు రాతిలోనివే. రాతికి వాసముల పని లేదు. వాసములు లేకున్నను ఆ కప్పు పడిపోదు. అయినను చెక్కినవాడు చెక్కినాడు. ఏలయన, కప్పు అనగా వాని కన్నులకు తెలిసినది ఆ రూపమే. మగధదేశమున బరాబరు కొండలలోని లోమశఋషి గుహద్వారముతో దీని ద్వారపు కమానును పోల్చి పండితులు కాలనిర్ణయము చేసి, క్రీస్తుకు పూర్వము రెండవ లేక ఒకటవ శతాబ్దముదని చెప్పినారు. ఆ పోలిక సరియైనదే. కాని మా పినతల్లిగారు తలయెత్తి చూచి, "ఇది మన చుట్టిల్లే గదా" అనిరి. ఆమె బాల్యమంతయు తీరప్రాంతపు పల్లెలో, తాటాకు కప్పిన గుండ్రని చుట్టిండ్ల నడుమ గడచినది. గాలివానకు ఎదురు నిలుచునట్లు గుండ్రముగా గోడ పెట్టి, వాసములన్నియు నడినెత్తిన ఒకచోటికి చేర్చి, ఆకు కప్పు ఆ యిండ్లు ఇప్పుడు అరుదైపోవుచున్నవి. మగధమువరకు పోయిన మా ఊహ ఆమె మాటతో ఇంటికి తిరిగి వచ్చినది.

విహారములైన గుహలు ఇంత నాజూకుగా లేవు. ఇసుకరాయి మెత్తనిది. దొరికిన చరియను దొరికినట్లుగా తొలిచి, గదులు ఒకదానిలోనికొకటి తెరచి, కిటికీలకు పైన కమానులు మలచి భిక్షువులు వర్షాకాలపు నివాసము చేసికొనిరి. పైకి పోయినచో చదునుచేసిన కొండమీద ఇటుకల చైత్యమందిరపు పునాదులు, పెద్ద రాతిస్తూపము, ఒక వేదికమీద పిల్లలు ఆడుకొని వదలిన బొమ్మలవలె మ్రొక్కుబడి స్తూపములు. చిన్నవి, పెద్దవి, ఇటుకవి, రాతివి. మా పిల్లలు లెక్కపెట్టుట ప్రారంభించి అరువది దాటిన తరువాత తగవులాడుకొని మానిరి.

ఇదియొక ఊరు. రావెల్లోవలె వీధులు లేకపోయినను, నివాసములు, సమావేశశాల, పూజాస్థలము గల ఊరు. అయితే దీనిలో రాజగృహము లేదు. రాజు పేరు మాత్రము కలదు. అది ఎట్లు వచ్చినదో చూడుడు. ఇచ్చటి మండపపు స్తంభములమీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో ఒక శాసనము చెక్కబడియున్నది. దీనిని 1968లో ప్రకటించినప్పుడు ఖారవేలుని దని భావించిరి. తరువాత పండితులు సరిచూచి, అది ఖారవేలుని దైన మహామేఘవాహన వంశమువాడే యగు సిరిసద మహారాజు కాలపుదని నిర్ణయించిరి. కళింగ మహిషకాధిపతి యని ఆ రాజునకు బిరుదము. కాని మండపమిచ్చినవాడు రాజు కాడు. ఆ రాజు లేఖకుడు చులగోముడు. అనగా కొలువులో వ్రాతపని చేసికొని బ్రతికిన ఉద్యోగి. తాను సంపాదించినదానితో కొండమీద ఒక మండపము కట్టించి, తన యజమాని పేరును బిరుదములను ముందు చెక్కించి, తరువాత తన పేరు చెక్కించుకొన్నాడు. ఈనాడు సిరిసదుడన్న రాజు ఈ సీమ నేలెనని మనకు తెలిసినదన్న, అది ఒక గుమాస్తా దానధర్మమువలన తెలిసినది.

తరువాతి కాలమున శాలంకాయన నందివర్మయు ఇచ్చటి సంఘమునకు దానము చేసి శాసనస్తంభము నాటించినాడు. శాలంకాయనులు చిత్రరథస్వామి, అనగా సూర్యభగవానుని, పాదభక్తులు. తమ కులదైవమును కొలుచుచునే బౌద్ధసంఘమునకు దానమిచ్చుట వారికి చిత్రముగా తోచలేదు.

ఇక మేము చెప్పవలసిన అసలు సంగతికి వత్తుము. బౌద్ధము ఈ సీమలో అంతరించిన తరువాత గుహలోని స్తూపమును చుట్టుప్రక్కల గ్రామస్థులు శివలింగమని తలంచి, ధర్మలింగేశ్వరుడని పేరు పెట్టి పూజించుచు వచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర పురావస్తుశాఖవారు, అలెగ్జాండరు రీ మొదలైనవారు, వచ్చి చూచి ఇది బౌద్ధచైత్యమని ప్రకటించువరకు ఆ పేరే దానికి పేరు. మేము సంస్కరణాభిమానులము. విగ్రహమును గుర్తింపలేని మౌఢ్యము, స్తూపమునకు నూనె పూసి పూలు పెట్టిన అజ్ఞానము, అని నాలుగు వాక్యములు వ్రాయుటకు ఇంటివద్దనే మనస్సులో సిద్ధపరచుకొని వెళ్లితిమి. ఆ వాక్యములు ఇప్పుడు వ్రాయలేకున్నాము.

అమరావతి సంగతి చదువరు లెరుగుదురు. 1797 ప్రాంతమున మెకంజీ దొర వచ్చి చూచుసరికే మహాచైత్యపు సున్నపురాళ్లు కొత్త కట్టడములకు పోవుచుండెను. కొన్ని సున్నపు బట్టీలలో కాలినవి. మిగిలినవి చెన్నపట్టణమునకును, లండనునకును చేరినవి. భట్టిప్రోలు స్తూపపు రాళ్లు పందొమ్మిదవ శతాబ్దమున కాలువ పనులలో కలిసినవి. ఆ పనిచేసినవారు మూఢులు కారు. జమీందారులు, ఇంజనీరులు, చదువుకొన్నవారు. వారి దృష్టికి అవి రాళ్లు. జీలకర్రగూడెపు కాపునకు, పాలేరునకు ఇది దేవుడు. దేవుని పగులగొట్టి ఇంటి పునాదిలో వేసికొనుటకు ఎవ్వరికిని చేతులు రావు. కొండమీది ఇటుకకట్టడములకు ఏ పేరును లేదు, ఏ పూజయు లేదు. అవి మొలబంటి గోడలకు, పునాదులకు దిగిపోయినవి. పేరు తప్పైనను పేరున్న చైత్యము, రెండువేల యేండ్ల నాటిది, వాసములతో సహా నిలిచియున్నది. కాపాడినది ఇసుకరాయి కొండ కొంత, ధర్మలింగేశ్వరుడు కొంత. దీనికి మేము మరియొక కారణము చెప్పజాలము.

ఈనాటి చదువరులు ఏమి చేయుచున్నారో కూడ చెప్పక తప్పదు. విహారపు గుహలలో ఒకదాని గోడమీద బొగ్గుతోను, మేకుతోను వ్రాసిన పేర్లు కనబడినవి. ఒకానొక దంపతుల పేర్లు, ఒక కళాశాల పేరు, ఒక తేదీ. బ్రాహ్మీలిపి కాదు, మన తెలుగు లిపియే, చక్కని దస్తూరి. మిత్రులు, "ఇటలీలో ఇట్లు వ్రాసినచో జరిమానా వేయుదురు" అనిరి. ఇచ్చటను చట్టమున్నది. బోర్డు ద్వారమువద్దనే యున్నది.

ఎండ తగ్గినపిమ్మట దిగుట ప్రారంభించితిమి. పినతల్లిగారికి మోకాళ్లనొప్పి. చేయి పట్టుకొని ఒక్కొక్క మెట్టు దింపుచుండగా, ఆమెకు శ్రమ తోచకుండునని మరియొక శాసనపు సంగతి చెప్పితిమి. ఈ కొండకు మహానాగపర్వతమని ఆనాటి పేరు. ఇచ్చటి స్థవిరుని శిష్యురాలొకతె గుహకు మెట్లు దానముచేసి శాసనము వ్రాయించినది. మండపము కాదు, స్తూపము కాదు, మెట్లు. ఇప్పుడు మనము దిగుచున్నవి తరువాత బాగుచేసినవి గాని, ఆ దారిన ఎక్కువారి కష్టమును తలంచినవారిలో ఆమె మొదటివారిలోనిది.

పినతల్లిగారు ఆగి, "ఆ తల్లి పేరేమి నాయనా?" అని అడిగిరి.

మేము మా పుస్తకము తెరచి చూచితిమి. సిరిసద మహారాజు బిరుదములన్నియు అందులో వ్రాసికొనియుంటిమి. చులగోముని పేరు వ్రాసికొనియుంటిమి. హస్తివర్మ, నందివర్మ, పులకేశి, అందరును ఉండిరి. ఆమెను గూర్చి మాత్రము శిష్యురాలు అని వ్రాసి, ప్రక్కను ఒక గీత గీచియుంటిమి.

"వ్రాసికొనలేదు" అంటిమి.

ఆమె మమ్ము ఏమియు అనలేదు. మెట్టుమీద కొంచెముసేపు కూర్చుండి, కాళ్లు ఒత్తుకొని, మరల లేచిరి. పిల్లలు అప్పటికే దిగువకు పోయి మజ్జిగ అడుగుచుండిరి.