ఖాళీ వలకీ ఓ లెక్కుంది

నీళ్ళలో చేపకి ఒడ్డున బేరమాడొద్దంటారు పెద్దలు. నేను బతుకంతా చేసిన ఉద్యోగం దాదాపు అదే నాయనా. నీళ్ళలో ఉన్న చేపకి లెక్క కట్టడం. కొనడానికీ కాదు, అమ్మడానికీ కాదు. ఏ చేప ఎక్కడుంది, ఎన్ని బారల లోతులో ఉంది, ఏ నెలలో వచ్చింది, ఏ నెలలో మాయమైంది, ఇవి రాసిపెట్టడం. విశాఖపట్నంలో సర్వే బోటు మీద చేపలు ఏరే మనిషిని నేను. నవ్వుతావేం? దానికీ జీతం ఇచ్చేవారు. ఆ పింఛనుతోనే కదా మొన్న నీకు చెప్పులు కొన్నాను.

ఆ కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వేసి కూర్చో. తొందరేం లేదు, చేపల కథ చేపలా జారిపోదులే.

నేను పనిలో చేరే నాటికి మన ఊళ్ళో ఫిషింగ్ హార్బరు లేదు. అది 1976లో వచ్చింది. రొయ్యని అడిగే నాథుడు లేడప్పుడు. గంపలో కవ్వలు కొంటే చేపలమ్మే ఆవిడ గుప్పెడు రొయ్యలు కొసరుగా వేసేది, అదీ మనం మొహం చిట్లిస్తే. అర్ధరూపాయి పట్టుకెళితే ఇంటిల్లిపాదికీ సరిపడా కవ్వలు వచ్చేవి, పులుసుకి చింతపండు కొనడానికి చిల్లర కూడా మిగిలేది. ఆ తరవాత జపానోళ్ళూ, అమెరికావోళ్ళూ రొయ్యలు కావాలన్నారు. ఇక చూడు, కొసరుగా వచ్చిన రొయ్య పెద్దింటి కోడలై కూర్చుంది, దాని పక్కన చందువ కూడా చిన్నబోయింది.

సర్వే సంగతికొస్తాను. సముద్రం మీదికెళ్ళేవాడిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అది మన జాలార్ల ఇళ్ళల్లో పాలు తాగినప్పటి నుంచీ నేర్పే మర్యాద. అడిగావంటే తెప్ప లాగేవాడు ఆగిపోయి, మళ్ళీ ఇంటికెళ్ళి కాసేపు కూర్చుని బయల్దేరేవాడు. మా బోటు మీద చూడబోతే కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని తాడు విప్పుతుంటే ఆఫీసరుగారు కాయితం పట్టుకొచ్చి మొట్టమొదట అడిగేది అదే: ఎక్కడికి? ఏ అక్షాంశం, ఏ రేఖాంశం? మా ముసలి సరంగు పళ్ళు నూరుకుని, "అలా పక్కకి బాబూ" అనేవాడు. ఆయన "ఏ పక్కకి?" అనేవారు. అలా మొదలయ్యేది ప్రతి ప్రయాణమూ.

సరంగు లెక్క వేరు. డాల్ఫిన్స్ నోస్ కొండ, వెనక సింహాచలం కొండ, రెండూ ఏ వరసలో కనపడితే కింద ఏ నేల ఉందో ఆయనకి కంఠతా వచ్చు. ఆఫీసర్ల లెక్క గళ్ళ లెక్క. ఒక డిగ్రీ పొడుగూ, ఒక డిగ్రీ వెడల్పూ ఉన్న సముద్రాన్ని పది నిమిషాల చొప్పున 36 గళ్ళు చేస్తారు. ఏ గడికి వెళ్ళాలో ఒడ్డునే రాసుకుంటారు. అక్కడ చేప ఉన్నా వల వెయ్యాలి, లేకపోయినా వెయ్యాలి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు చూడు, రేవులో మా బోటుకి ఆ పేరే పెట్టారు. పక్క బోట్లవాళ్ళు చందువలు పడే చోట గుంపుగా తిరుగుతుంటే మేం వాళ్ళని దాటుకుని, పీతకి కూడా గతిలేని చోటికెళ్ళి వల దించేవాళ్ళం. వాళ్ళు చేతులూపి నవ్వేవాళ్ళు. సరంగు ప్రాణం ఉసూరుమనేది. ఒక రాత్రి ఆఫీసరుగారు కునుకు తీస్తుంటే ఆయన బోటుని మెల్లగా తన పాత గురుతు మీదికి జరిపేశాడు. తెల్లారి వలెత్తితే నిండుగా చేప! ఊరి మీదికి దండెత్తి గెలిచొచ్చినట్టు నిలబడ్డాడు. ఆఫీసరుగారు దిక్సూచీ చూసుకుని, పటం చూసుకుని, ఆ చేపనంతా తూచి, ఆ కాయితం మీద అడ్డంగా గీత కొట్టేశారు. రాయాల్సిన గడి అది కాదు కదా! సరంగు రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అన్నం ఉడికిందా లేదా చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. అది అన్నానికి సరి. గిన్నెలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి మరి. సముద్రం అడుగు అలా ఉండదు. గోదావరి కడలిలో కలిసే ముందరంతా బురద, మన ముందర ఇసక, నడుమ నడుమ రాతిగడ్డలు. ఒక గడిలో పట్టిన మెతుకు పక్క గడి సంగతి చెప్పదు. అందుకే ప్రతి గడిలోనూ పట్టి చూడాలి. రాయి తగిలి వల చిరిగిపోతే అదీ రాయాలి, మళ్ళీ ఎవడూ అక్కడ వల పోగొట్టుకోకుండా. ఏమీ పడకపోతే సున్నా చుట్టాలి. ఖాళీ వలకీ ఓ లెక్కుందని నాకు బోధపడటానికి చాలా కాలం పట్టింది. జీతం మాత్రం మొదటి నెల నుంచే బోధపడింది.

ట్రాలు వల చూశావా ఎప్పుడైనా? రెండు పక్కలా చెక్కా ఇనుమూ కలిపి చేసిన బరువైన బోర్డులుంటాయి. బోటు లాగుతుంటే నీళ్ళు వాటిని చెరో పక్కకీ తోస్తాయి, వల నోరు తెరుచుకుంటుంది. పై తాడుకి బెండ్లు, కింద తాడుకి గొలుసు. చివరన సంచి. లోతెంతో దానికి మూడు నాలుగింతల ఇనుప తాడు వదలాలి, లేకపోతే వల నేలకి ఆనదు. ఎప్పుడూ అదే వల, అదే వేగం, అంతే సేపు. ఇవాళ గంటా, రేపు రెండు గంటలూ లాగితే ఏ గడిలో ఎక్కువుందో ఎవడు చెప్పగలడు?

ఎకరాల లెక్క చెబుతాను, నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా, తప్పైతే చెప్పు. గంటకి మూడు నాటికల్ మైళ్ళ చొప్పున లాగితే అయిదున్నర కిలోమీటర్లు. వల నోరు పదిహేను మీటర్లు తెరుచుకుందనుకో. అంటే గంటలో ఇరవై ఎకరాల నేల ఊడ్చినట్టు. వంద కిలోలు పడితే ఎకరానికి అయిదు కిలోలు. ఆ పద్ధతిలోనే ఆ లోతున్న మేరంతా గుణించుకుంటూ పోతే మొత్తం ఎంత చేప ఉందో తేలుతుంది. చెప్పుకోడానికి బాగుంది కదూ? మరి వల దారిలో ఉన్న చేపంతా వలలో పడుతుందా? కొన్ని పైనుంచి ఎగిరిపోతాయి, కొన్ని కింద బురదలో దూరతాయి. సగమే పడ్డాయనుకుందాం అని ఒక ఆఫీసరుగారు, కాదు అన్నీ పడ్డాయనే అనుకుందాం అని ఇంకొకరు. ఒకరి మాట ప్రకారం బంగాళాఖాతంలో చేప ఇంకొకరి లెక్కకి రెట్టింపు. అందరూ చదువుకున్నవాళ్ళే. ఆ పక్కన నేను కారలు ఏరుకుంటూ వినేవాణ్ణి.

ఏరడమంటే ఏమనుకున్నావ్? సంచి ముడి విప్పగానే డెక్కు మీద గుట్ట. వెండిబిళ్ళల్లాంటి కారలు, గొరసలు, జెల్లలు, సావళ్ళు, నాలిక చేపలు, గులివిందలు, నడుమ ఒక టేకు చేప తోక ఆడిస్తూ. దాని ముల్లుకి దూరంగా ఉండాలి. గుట్ట మరీ పెద్దదైతే పారతో బాగా కలిపి, కొన్ని గంపలు తీసి, ఆ గంపలు మాత్రమే జాతులవారీగా ఏరి, దాన్ని బట్టి మొత్తం లెక్కేస్తారు. కలపకుండా పైనున్నవి తీస్తే పెద్ద చేపలే వస్తాయి. బద్ధకస్తుడి గంప ఏదో ఆఫీసరుగారు చూడగానే చెప్పేసేవారు. తరవాత పొడవు కొలిచే చెక్క మీద ఒక్కొక్కటీ పెట్టి కొలవడం, పొట్ట కోసి గుడ్డు ముదిరిందా లేదా చూడడం, గొరస తల చీల్చి చెవిరాళ్ళు తీయడం. వాటి మీద గీతలుంటాయి, వయసు చెబుతాయట. నాకా ఆశ పుట్టి ఓసారి రెండు రాళ్ళు ఇంటికి పట్టుకొస్తే మీ నానమ్మ ముక్కుపుడకకి పనికొస్తాయా అనడిగింది.

పేర్లన్నావు కాబట్టి ఒక మాట. అనలేదా? సరే, అనుకున్నానులే. రసెల్ అని ఒక స్కాట్లాండు వైద్యుడు, పాముల మీద కూడా పుస్తకం రాసినాయన, కంపెనీ రోజుల్లో మన విశాఖపట్నంలో ఉండి, ఒడ్డుకొచ్చిన చేపలు బొమ్మలు గీయించి, మన జాలార్లు చెప్పిన తెలుగు పేర్లతోనే 1803లో లండన్‌లో అచ్చేయించాడు. రెండు వందల చేపలు! పేరు చెప్పిన మన తాతల పేర్లేవీ ఆ పుస్తకంలో ఎక్కలేదనుకో. అయినా ఆయనకి తెలిసింది ఒడ్డున గంపలో పడ్డ చేప. ఆ చేప సముద్రంలో ఎక్కడ ఉండేదో తెలియాలంటే ట్రాలు వల రావాలి. 1908లో బెంగాల్ దొరతనం వాళ్ళు 'గోల్డెన్ క్రౌన్' అనే ఆవిరి ట్రాలరుని ఇదే బంగాళాఖాతం తలవైపు తిప్పారు. 1920ల చివర్లో మద్రాసు దొరతనానిది 'లేడీ గోషెన్'. స్వరాజ్యం రావడానికి ఏడాది ముందు, 1946లో, బొంబాయిలో సముద్ర చేపల సర్వేకి ఒక కేంద్రం పెట్టారు. అదే 1983లో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా అయింది, విశాఖలోనూ దానికి స్థావరముంది. 1976 చట్టంతో తీరం నుంచి రెండు వందల నాటికల్ మైళ్ళ దాకా చేప మనదే అయ్యాక ఈ పని మరీ పెరిగింది. పొలం మనదన్నాక అందులో ఏముందో చూసుకోవద్దూ?

ఎక్కడున్నాను? ఆఁ, ఏరుతున్నాను. తూకం అయ్యేదాకా ఒక్క చేప కూడా డెక్కు దాటకూడదు. ఈ నియమం ఎందుకొచ్చిందో చెబుతాను. మా వంటవాడికి చందువ అంటే ప్రాణం. సంచి విప్పేటప్పుడు సాయం చేసే వంకతో ముందరే రెండు చందువలు పొట్ట కింద దోపుకుని వెళ్ళేవాడు. మధ్యాహ్నం పులుసు ఘుమఘుమలాడేది. ఓ రోజు ఆఫీసరుగారు ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆగిపోయారు. "పొద్దుటి గడిలో చందువ లేదని రాశాను కదరా, ఇదెక్కడిది?" వంటవాడు, "గంగమ్మ ఇచ్చింది బాబూ" అన్నాడు. ఆరోజు నుంచి తూకం కాటా పక్కన పెట్టాకే పొయ్యి వెలిగేది. మేమంతా ఆకలితో మాడాం, వాడి పుణ్యమా అని.

లోతుతో పాటు చేప మారిపోవడం చూస్తే ముచ్చటేసేది. యాభై మీటర్ల లోపు కారలు, గొరసలు, రొయ్యలు. ఇంకాస్త లోతుకెళితే గులివిందలు పెరుగుతాయి. వంద దాటాక ఎర్రగా, గుడ్లు పెద్దగా ఉన్న చేప ఒకటి వచ్చిపడేది. ఆఫీసర్లు బుల్స్ ఐ అనేవారు. రేవులోకి తెస్తే అమ్మేవాళ్ళు దాని కళ్ళు చూసి, "ఇదేటి బాబూ, మనల్నే చూస్తంది" అని గంపలో వేయనిచ్చేవాళ్ళు కాదు. కొత్త చేపకి కొనేవాడు దొరకడం సర్వే చేయడంకన్నా కష్టం.

ఒకే గడిలో కూడా పగలు పడింది రాత్రి పడదు, కొన్ని చీకటి పడగానే అడుగు వదిలి పైకి లేస్తాయి. మార్చి నుంచి మే దాకా ఇంకో తమాషా. గాలి తీరం వెంట వీచి పై నీళ్ళని లోపలికి తోసేస్తుంది, అడుగు చల్లనీళ్ళు పైకొస్తాయి. వాటిలో ప్రాణవాయువు తక్కువ, అడుగు చేప ఉన్నచోట ఉండదు. 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీకి లఫాండ్ అనే అమెరికా ప్రొఫెసరుగారు వచ్చి మన కుర్రాళ్ళతో కలిసి ఈ సంగతి పట్టుకున్నారు. తరవాత 1960ల్లో మన తీరం ముందరి సముద్రం అడుగున లోయలున్నాయని కూడా కనుక్కుని వాటికి ఆంధ్రా, మహదేవన్, కృష్ణా అని పేర్లు పెట్టారు. ఆ లోయల దగ్గర వల దించితే మళ్ళీ చేతికి రావడం మన అదృష్టం.

సర్వే కాయితాలు అచ్చయ్యాక ఏమైందనుకున్నావ్? ఉత్తరాన, బెంగాల్ ముందరి శాండ్‌హెడ్స్ దగ్గర రొయ్య బాగా ఉందన్న మాట పొక్కింది. విశాఖ నుంచి పెద్ద పెద్ద ట్రాలర్లు అటే పరిగెత్తాయి. ఒక్కోదానికి రెండు పక్కలా రెండు వలలు. రొయ్య దాచుకునే చల్లగదిలో చోటు చాలదని వలలో పడ్డ మంచి చేపని కూడా పారలతో సముద్రంలోకి గెంటేసేవాళ్ళు. పూర్వం రొయ్య కొసరు, చేప అసలు. అప్పటికి చేప చెత్తయింది. ఇప్పుడా చెత్తనీ పారెయ్యటం లేదులే, కోళ్ళ దాణాకీ, రొయ్యల దాణాకీ పోతోంది, చిన్నా పెద్దా తేడా లేకుండా. గుడ్ల కాలమని 2015 నుంచి ఏటా ఏప్రిల్ 15 మొదలు 61 రోజులు మరబోట్లు కట్టేయిస్తున్నారు. అంతకు ముందు 47 రోజులే. ఆ రెండు నెలలూ మీ నానమ్మ ఎండుచేపలు ఎంత పొదుపుగా వండేదో నీకు తెలీదు.

ఇక ఒకటి చెప్పి లేస్తాను, కాళ్ళు పట్టేశాయి. నూనె కవ్వలు మా చిన్నప్పుడు మలబారు చేప. మన వైపు పెద్దగా ఎరగం. 1980ల చివర నుంచీ, 90ల్లోనూ మన రేవుల్లో కూడా గంపలకి గంపలు దిగడం మొదలెట్టాయి. అప్పుడు ఒక కుర్ర ఆఫీసరు, ఇవి ఇదివరకు లేవా, ఉన్నా మనం పట్టలేదా అని పాత కాయితాల కట్టలన్నీ విప్పించాడు. నేనే దుమ్ము దులిపి అందించాను. నూనె కవ్వల వరసలో అన్నిచోట్లా ఖాళీయే. చూశారా, లేవన్నమాటే, అన్నాడతను. ఆగవయ్యా, మన వల అడుగున పోతుంది, కవ్వలు పైపైన తిరుగుతాయి, ఈ ఖాళీ చేపది కాదు, వలది, అన్నాడు పెద్దాఫీసరు. మరైతే జాలార్ల వలల్లో ఎందుకు పడలేదన్నాడు కుర్రాడు. దానికి పెద్దాయన దగ్గర జవాబు లేదు. మధ్యాహ్నం దాకా అలా సాగింది ఆ వాదన. వంటవాడొచ్చి కాటా ఖాళీ అయిందా అనడిగితే గాని ఇద్దరూ లేవలేదు, ఆ పూట పులుసు కూడా కవ్వలదే.