ఫిడేలు కడుపులో ఏముంది?

మొన్న వేసవి సెలవుల్లో మా మనవడు గిటారును తలకిందులుగా పట్టుకుని చింతకొమ్మను దులిపినట్టు దులుపుతున్నాడు. "ఏమిట్రా ఆ పని?" అంటే, "పిక్ లోపల పడిపోయింది అమ్మమ్మా" అన్నాడు. తీగలు మీటే ఆ చిన్న ప్లాస్టిక్ బిళ్ళ గిటారు బొడ్డులోంచి లోపలికి జారిపోవడం వాయించే ప్రతివాడికీ అలవాటేట. పది నిమిషాల తరవాత బిళ్ళ రాలింది. దానితోపాటు ఒక బస్సు టిక్కెట్టు, వేరుశనగ పొట్టు, ఎండిపోయిన బొద్దింక కూడా రాలాయి. మా అమ్మాయి "ఛీ" అంటూ చీపురు కోసం వెళ్ళింది. నాకు మాత్రం మా చిన్నత్త ఫిడేలు జ్ఞాపకం వచ్చింది.

బోలుగా ఉన్న వస్తువంటే మనిషికి మొదటినుంచీ అనుమానమే. చెట్టు తొర్ర అయినా, పాడుబడ్డ నుయ్యి అయినా, లోపల ఏదో ఉందనుకుంటేగాని తోచదు. అమెరికా పల్లెల్లో పాతకాలపు ఫిడేలువాళ్ళు తోకతో గిలక్కాయలా చప్పుడు చేసే పాము ఉంటుందే, దాని తోక కోసి వాయిద్యంలో వేసుకునేవారు. గిటారులో వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎందుకయ్యా అంటే తలొక కారణం. ఎలకలు, సాలీళ్ళు చేరవని ఒకరు, చెమ్మ పీలుస్తుందని ఒకరు, నాదం బాగుంటుందని మరొకరు! చూశారా, పచ్చిమిరపకాయా నిమ్మకాయా గుమ్మానికి కట్టుకునే మనమే కాదు, వాళ్ళూ మన బంధువులే.

మనవాళ్ళయితే వాయిద్యంలో పాము తోక పెట్టలేదు, ఏకంగా దేవతలనే కూర్చోబెట్టారు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం ప్రకారం వీణ దండంలో శివుడు, తీగలో పార్వతి, కాయలో బ్రహ్మ ఉంటారు. ఇంతమంది కొలువున్న వస్తువుకు కాలు తగిలితే కళ్ళకద్దుకోక ఏం చేస్తాం?

మా ప్రాంతం వాళ్ళకు ఈ భక్తి ఒక పిసరు ఎక్కువే. 1757లో కత్తులు దూసుకున్న బొబ్బిలీ విజయనగరమూ సంగీతం దగ్గర మాత్రం చెరో వాయిద్యం పంచుకున్నాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశంవారు తరతరాలుగా పనస దుంగను తొలిచి వీణలు చేస్తున్నారు. అతుకు లేకుండా ఒకే దుంగలో చేస్తే అది ఏకాండి వీణ. దుంగను తొలిచి తొలిచి లోపల ఏమీ లేకుండా చేయడమే ఆ పనివాడి నేర్పు. ఆ ఏమీ లేనితనంలోంచే నాదం పుడుతుంది.

విజయనగరం వంతు ఫిడేలు. నిజానికి ఈ వాయిద్యం మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర నేర్చుకుని మన సంగీతానికి అలవాటు చేశాడు. దొరగారు నిలబడి గడ్డం కింద నొక్కుకుంటే, మనవాళ్ళు దాన్ని చాపమీద కూర్చోబెట్టి, తలను పాదంమీద ఆనించి, ఇంటల్లుణ్ణి చేసుకున్నారు. 1919లో విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. కొలువులోని ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదనీ, ఆ అబ్బాయికి సంగీతం చెప్పించాలన్న తలపులోంచే కళాశాల పుట్టిందనీ మా ఊళ్ళో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులు. ఆయన 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్ళే. ఇంక చెప్పేదేముంది, మా చిన్నతనంలో ప్రతి రెండో ఇంట్లోంచీ సాయంత్రమయ్యేసరికి సరళీ స్వరాలు వినిపించేవి.

మా ఇంట్లో ఫిడేలు చిన్నత్తది. తాతయ్య ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. లోపలికి తొంగిచూస్తే ఒక కాగితం అంటించి ఉండేది, దానిమీద స్ట్రాడివేరియస్ అని అచ్చు. ఇటలీలో క్రెమోనా ఊరివాడైన ఆ మహానుభావుడు 1737లో పోయాడు. తరవాత జర్మనీలోనూ బొహీమియాలోనూ గంపలకొద్దీ చేసిన ఫిడేళ్ళలో ఆయన పేరే అంటించారు. అది తెలియక మా తాతయ్య కొన్నాళ్ళపాటు తనను లక్షాధికారి అనుకున్నాడు.

1957లో, అత్తకు పదహారేళ్ళు. నాకు ఏడు. ఒక వేసవి మధ్యాహ్నం తీగలు మార్చడానికి నాలుగూ ఒక్కసారే వదులు చేసింది. లోపల టక్కుమని చప్పుడయింది. మళ్ళీ తీగలు బిగించి కమాను లాగితే ఆ పాత గొంతు లేదు. జలుబు చేసినవాడి మాటలా పేలవంగా పలికింది. అటూ ఇటూ వంచితే కడుపులో ఏదో దొర్లుతోంది. అంట్లు తోముతున్న పనిమనిషి తలెత్తి, "ఓలమ్మో, దాన్లో ఏటో సేరిందమ్మా!" అంది.

అంతే. ఆ మాట గుమ్మం దాటి పెరడు దాటి పక్కింటిదాకా వెళ్ళొచ్చేసరికి మరింత పెద్దదయింది. ఆ ఫిడేలు అమ్మినాయన ఏడాది తిరక్కుండా పోయాడని ఎవరికో గుర్తొచ్చింది. పెళ్ళి కావలసిన పిల్ల, సంబంధాలు చూస్తున్న సమయం. "మనకెందుకొచ్చిన గొడవే తల్లీ" అంది మామ్మ. తాతయ్య తీగలు సడలించి, పాత పంచెలో చుట్టి, దాన్ని అటకెక్కించాడు. అత్త ఏడ్చిందో లేదో నేను చూడలేదు. ఆ మరుసటి ఏడే పార్వతీపురం కోడలయింది.

అయితే ఒక్క విషయం. ఏటా దసరాల్లో మూలా నక్షత్రం నాడు ఫిడేలును అటకమీంచి దింపేవారు. సరస్వతీ పూజలో నా లెక్కల పుస్తకం పక్కన పెట్టి, కుంకుమ జల్లి, అక్షింతలు వేసి, గారెలు నైవేద్యం పెట్టి, మర్నాడు మళ్ళీ అటకెక్కించేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలా పూజించారు. ఎవరూ వాయించలేదు. మాకు అందులో తప్పేమీ తోచలేదు కూడా.

1988లో ఇల్లు పంపకాలకొచ్చినప్పుడు ఫిడేలు ఎవరికీ అక్కరలేకపోయింది. అత్తే "నాకిచ్చెయ్యండి" అంది. నేనూ అత్తా రిక్షా కట్టించుకుని వాద్యాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నవ్వి, "గుప్పెడు బియ్యం ఉంటే తెండమ్మా" అన్నాడు.

ఇప్పుడీయన కూడా దిష్టి తీస్తాడా అనుకున్నాను. కాదు. బియ్యం కాస్త వేడిచేసి, ఫిడేలుమీది సన్నని రంధ్రాల్లోంచి పోసి, మెల్లగా గుండ్రంగా తిప్పాడు. లోపలి దుమ్మును బియ్యపుగింజలే ఊడ్చుకొస్తాయట. తరవాత బోర్లించి దులిపితే తెల్ల బియ్యంతోపాటు దూదిపింజెల్లాంటి దుమ్ముండలు, ఒక తలపిన్ను, ముప్ఫై ఒక్క దసరాల పసుపు అక్షింతలు రాలాయి. చివరికి రంధ్రం దగ్గర ఆడ్డంపడి, రెండంగుళాల పుల్ల ఒకటి బయటికొచ్చింది. పెన్సిలంత లావు. ఇదే మా ఇంటి దెయ్యం.

ఆ పుల్ల ప్రతి ఫిడేలులోనూ ఉంటుంది. పై పలకకూ కింది పలకకూ మధ్య, తీగలు ఆనే గుర్రానికి ఒక పక్కగా నిలబడుతుంది. దానికి జిగురు ఉండదు, మేకు ఉండదు. తీగల బిగువుకే నిలుస్తుంది. పై పలక అదురును కిందికి అందిస్తుంది, తీగల బరువుకు పై పలక కుంగకుండా ఆపుతుంది. అన్ని తీగలూ ఒక్కసారే వదిలేస్తే ఒక్కొక్కప్పుడు పడిపోతుంది. ముసలాయన వంకీ తిరిగిన ఇనపచువ్వకు దాన్ని గుచ్చి, రంధ్రంలోంచి దూర్చి నిలబెట్టాడు. పావుగంట పట్టింది. "తీగలు సడలించి దాచారు గనక బతికింది" అన్నాడు. మా తాతయ్య చేసిన మంచిపని అదొక్కటి.

దానికి ఫ్రెంచివాళ్ళూ ఇటలీవాళ్ళూ పెట్టిన పేరుకు వాళ్ళ భాషల్లో ఆత్మ అని అర్థమట. మనం తంబురా తీగ కింద దూర్చే నూలుపోగును జీవ అంటాం కదా, అలాగే. ఆ పోగును కాస్త జరిపితే తీగ గుంయ్‌మని పలుకుతుంది, తీసేస్తే మూగపోతుంది. పాము తోకలూ దెయ్యాలూ మనం కల్పించుకున్నవిగాని, వాయిద్యానికి ప్రాణం ఉన్నమాట మాత్రం నిజమే. అది పడిపోతుంది కూడా. పడిపోతే లేపేవాళ్ళు కావాలి.

అత్త ఆ పుల్లను నిలబెట్టకముందు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంత పుల్లకా!" అంది. మరేమీ అనలేదు. ఆ సాయంత్రం చాపమీద కూర్చుని మాయామాళవగౌళలో సరళీ వరసలు మొదలుపెట్టింది. నలభై ఏడేళ్ళ వేళ్ళు, మూడో స్వరం దగ్గరే తడబడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టింది.

అక్షింతలు ఏంచెయ్యమంటారని ముసలాయన అడిగితే, పిచ్చికలకు వెయ్యమంది. ఆ తరవాత దసరాల్లో కూడా ఫిడేలును పూజలో పెట్టేది. కాకపోతే రంధ్రాలమీద ఒక జేబురుమాలు కప్పేది. మీ ఇంట్లో కూడా పూజకు మాత్రమే దిగే వాయిద్యం ఏదైనా ఉంటే, ఈసారి ఒకసారి ఊపి చూడండి.