పటం, కథకుడు, ఊరు: చేర్యాల నకాషీ కుటుంబాల సామాజిక సంబంధాల చరిత్ర

ప్రస్తావన

తెలంగాణ జానపద కళారూపాలలో పటం కథలకు విశిష్ట స్థానం ఉంది. పొడవైన గుడ్డపై వరుసలుగా చిత్రించిన బొమ్మలను ఒక్కొక్కటిగా విప్పి చూపుతూ, ఒక కులం పుట్టుపూర్వోత్తరాలను రాత్రుల తరబడి గానం చేసే సంప్రదాయమిది. ఇందులోని కథను జానపద సాహిత్య పరిశోధకులు, బొమ్మను కళాచరిత్రకారులు ఎవరికి వారుగా పరిశీలించడం వల్ల ఆ రెంటినీ కలిపి నిలిపిన సామాజిక బంధం తరచు మరుగున పడింది. పటాన్ని గీసిన నకాషీ కుటుంబాలు ఒక కళాకార సమూహంగా తమ చుట్టూ ఉన్న గ్రామ సమాజంతో ఎటువంటి సంబంధాన్ని నిర్మించుకున్నాయి, ఆ సంబంధం ఏ ఆధారాలపై నిలిచింది, అది సడలినపుడు కళ ఏ రూపం ధరించింది అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చిత్రకళకు నేడు పేరు తెచ్చిన చేర్యాల పూర్వం వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరింది. చిత్రరచన అనే అర్థంలో ఉర్దూ ద్వారా వచ్చిన ‘నక్ష్’ శబ్దం నుంచి ఈ చిత్రకారులకు నకాషీలన్న పేరు ఏర్పడింది. సంప్రదాయం మాత్రం ఒక్క ఊరికి పరిమితమైనది కాదు. పద్మశాలీల మార్కండేయ పురాణాన్ని చిత్రించిన ఒక పటాన్ని కళాచరిత్రకారులు 1625 నాటిదిగా పేర్కొంటున్నారు. అప్పటికే ఈ శైలి పరిణతి పొందిందని దానిని బట్టి ఊహించవచ్చు.

ముగ్గురి మధ్య ఒడంబడిక

పటం కథా సంప్రదాయంలో మూడు పక్షాలున్నాయి. పోషించే కులం ఒకటి, ఆ కులానికే కథ చెప్పే ఆశ్రిత కులం రెండవది, పటం గీసే నకాషీ కుటుంబం మూడవది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, మాదిగలకు డక్కలివారు జాంబపురాణాన్ని, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణాన్ని, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథలను, మంగలివారికి అద్దపుసింగులు వారి కులగాథను వినిపిస్తారు. రజకుల మడేలు పురాణం కూడా ఈ కోవకు చెందినదే. వీరిలో కొందరికి పటం, మరికొందరికి కొయ్యబొమ్మలు కథాసాధనాలు. ఈ బొమ్మలు చేసి ఇచ్చేవారూ నకాషీలే.

ఆశ్రిత కులంవారికి తమ దాతృకులం ఇళ్లలో త్యాగం అడిగే హక్కు ఉంటుంది. దీనినే మిరాశీ అంటారు. కథకుల కుటుంబాలు ఊళ్లను వంతులుగా పంచుకుని, ఒకరి మిరాశీ గ్రామంలో మరొకరు అడుగుపెట్టకుండా కట్టుబాటు పాటిస్తాయి. కాబట్టి కథకునికి పటం వినోద సామగ్రి మాత్రమే కాదు, అతని హక్కుకు కంటికి కనిపించే సాక్ష్యం. పటం చేతిలో ఉన్నవాడికే కథ చెప్పే అధికారం, త్యాగం స్వీకరించే అర్హత ఉంటాయి.

నకాషీలకు గ్రామంతో ఉన్న సంబంధం ఇక్కడే విలక్షణమవుతుంది. కథ వినే కులం నుంచి చిత్రకారుడు నేరుగా ఏటేటా ప్రతిఫలం పొందడు. కథకుడు ఊరూరా పొందిన త్యాగంలోనుంచే పటం ఖరీదు సమకూరుతుంది. అందువల్ల నకాషీ కుటుంబం ఒక్క ఊరికి లేదా ఒక్క కులానికి అంటిపెట్టుకోక, అనేక కులాల కథకులందరికీ ఉమ్మడి చిత్రకారుల బృందంగా నిలిచింది. గ్రామ సమాజంలోని విభిన్న కులాల స్మృతులన్నీ ఒకే ఇంటి కుంచె కిందికి చేరడం ఈ ఏర్పాటు ఫలితమే.

పటం రచన: కుటుంబ శ్రమ, కథకుని అదుపు

పటానికి ఖద్దరు గుడ్డ ఆధారం. చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపిన లేపనాన్ని గుడ్డకు పలుమార్లు పూసి ఆరబెడతారు. ఎర్రదనానికి ఇంగిలికం, పచ్చదనానికి హరిదళం, నలుపుకు దీపపు మసి, తెలుపుకు గవ్వలు, శంఖాల పొడి సంప్రదాయ వర్ణద్రవ్యాలు. గింజలు నానబెట్టి రుబ్బడం మొదలు రంగులు నూరడం వరకు ఇంటిల్లిపాదీ పాల్గొనవలసిన పని ఇది. పటంపై కుటుంబ పెద్ద పేరు నిలిచినా, శ్రమ మాత్రం స్త్రీలు, పిల్లలతో కూడిన సమష్టి శ్రమ. దాదాపు మూడడుగుల వెడల్పుతో, కొన్ని సందర్భాలలో నలభై అడుగులకు మించిన పొడవుతో తయారయ్యే పటం ఒక్క మనిషి చేతిపని కాదు.

ఏ ఘట్టం తరువాత ఏ ఘట్టం రావాలో నిర్ణయించేది కథకుడే. తొలి చిత్రంగా వినాయకుడు, ఆపై కథాక్రమంలో అడ్డవరుసలు, వరుసకూ వరుసకూ మధ్య పూలతీగ అంచు ఉంటాయి. పాతపటం ఉంటే అదే ఒరవడి. దేవతలకు నీలం, పసుపు, రాక్షసులకు ముదురు రంగులు వేయడం, నేపథ్యమంతా ఎరుపుతో నింపడం అలంకారేచ్ఛ వల్ల ఏర్పడిన పద్ధతులు మాత్రమే కావు. రాత్రివేళ దీపపు వెలుగులో, దూరంగా కూర్చున్న ప్రేక్షకుడు పాత్రను వెంటనే గుర్తుపట్టవలసిన అవసరం వాటి వెనుక ఉంది. చిత్రకారుని స్వేచ్ఛకు కథకుడు హద్దు. కథకుని స్మృతికి దాతృకులం కాపలా, ఎందుకంటే తరతరాలుగా విన్న కథలో ఒక ఘట్టం తప్పినా గుర్తించగలిగినవారు ఎదుట కూర్చున్న శ్రోతలే. ఈ విధంగా పటం మూడు పక్షాల సమ్మతితో రూపొందిన ప్రమాణపత్రం అయింది.

గౌరవ ప్రకటన, అసమానత

కులపురాణం ఆ కులానికి విశ్వసృష్టిలో స్థానం కల్పిస్తుంది. మార్కండేయ పురాణంలో భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు వస్త్రం నేస్తాడు. జాంబపురాణంలో జాంబవుడు సృష్టికి పూర్వమే ఉన్న పెద్ద. సమాజం అట్టడుగున నిలిపిన కులాన్ని దేవతలకంటే ముందు పుట్టిన ఆదిపురుషుని సంతతిగా నిలపడం సామాన్యమైన కల్పన కాదు. అది శ్రేణీకృత సమాజంలో చేసిన గౌరవ ప్రకటన. వాడ నడుమ పటం కట్టి, దాతల గోత్రనామాలు, వంశాలు వల్లిస్తూ కథ నడిపిన రాత్రి, ఆ కులం తన చరిత్రను తన కళ్లతో చూసుకుంటుంది.

అయితే ఈ బంధాన్ని సామరస్యానికి ఆదర్శంగా చిత్రిస్తే అది చరిత్ర కాదు. జాంబపురాణం చెప్పే డక్కలివారిని వారి దాతలైన మాదిగలు కూడా దూరంగా ఉంచిన వాస్తవం ఉంది. ఎవరి గౌరవాన్ని గానం చేశారో వారి వాకిటనే కథకులు యాచకులుగా నిలిచారు. పటం కులాలను కలిపింది. అదే సమయంలో ఏ కులం ఎక్కడ నిలవాలో కూడా చెప్పింది. నకాషీ కుటుంబాల జీవనాధారం ఈ రెండు అంశాలతోనూ ముడిపడి ఉండేది.

పటానికి అంత్యక్రియ

కొత్త పటానికి చివరగా కళ్లు దిద్దడం పూజతో కూడిన కార్యం. అప్పటినుంచి అది గుడ్డ కాదు, దైవం. జీర్ణించిన పటాన్ని పారవేయరు, అమ్మరు. మనిషికి చేసినట్లే కర్మ చేసి నదిలో నిమజ్జనం చేస్తారు. ప్రాచీన పటాలు అరుదుగా లభించడానికి వాతావరణం, చెదలు ఎంత కారణమో, ఈ ఆచారం కూడా అంతే కారణం.

ఈ విషయం పరిశోధకులకు ఒక పద్ధతి సమస్యను ముందుంచుతుంది. సంగ్రహాలయాలలో భద్రంగా ఉన్న పటాలు ఆచారం ప్రకారం నదిని చేరవలసినవి, చేరకుండా ఆగినవి. ఒక పటం మిగిలిందంటే దాని కథకునికి, దాతలకు మధ్య ఉన్న బంధం ఏదో ఒక దశలో తెగి ఉండే అవకాశం ఉంది. బంధం దృఢంగా సాగినచోట పటం నశించి మరొక పటం పుట్టింది. కాబట్టి మిగిలిన పటాల సంఖ్యను బట్టి సంప్రదాయ వ్యాప్తిని అంచనా వేయడం తలకిందుల తీర్పు అవుతుంది. పటం నశించడమే నకాషీకి మళ్లీ పని కల్పించేది. ఆ చక్రమే ఈ కళ ఆర్థిక పునాది.

కొత్త పోషకులు

సినిమా, తరువాత టెలివిజన్ గ్రామీణ రాత్రులను ఆక్రమించడంతో కథకులకు పిలుపులు తగ్గాయి. కులవృత్తులు క్షీణించి, దాతృకులాలు వలస వెళ్లడంతో త్యాగం ఇచ్చే వాకిళ్లు మూతపడ్డాయి. కథకులలో పలువురు ఇతర వృత్తులకు మళ్లారు. దాని వెంటే నకాషీ కుటుంబాల సంఖ్య కూడా తగ్గి, ధనాలకోట ఇంటిపేరుగల కొద్ది కుటుంబాలు ఈ కళను ప్రధానంగా నిలుపుకొచ్చాయి.

హస్తకళల సంస్థలు, ప్రదర్శనశాలలు, నగర గృహస్థులు కొత్త పోషకులయ్యారు. నలభై అడుగుల పటం స్థానంలో గోడకు తగిలించే చిన్న చిత్రం వచ్చింది. కులపురాణ ఘట్టాలకు బదులు బతుకమ్మ, తాళ్లెక్కే గౌడన్న, ఎడ్లబండి, నాట్లు వేసే స్త్రీలు చిత్రవస్తువులయ్యారు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు లభించడం వల్ల ఊరి పేరుకు చట్టరక్షణ ఏర్పడింది. ఎర్రని నేపథ్యం, ముఖాల తీరు, పూల అంచులు కొనసాగుతున్నాయి.

ఈ మార్పును పతనమని గానీ పునరుజ్జీవనమని గానీ ఒక్క మాటలో తేల్చడం తొందరపాటు. యాచనతో ముడిపడిన వ్యవస్థ సడలినందుకు విచారించవలసిన పనిలేదు. చిత్రకారుని పేరు, అతని ఊరి పేరు కొనుగోలుదారుకు తెలిసింది. కానీ కథకుడు తప్పుకోవడంతో చిత్రాన్ని సరిదిద్దే గొంతు పోయింది. పూర్వం గ్రామస్థుడు పటంలో తన వంశాన్ని చూసుకునేవాడు. నేటి నగరవాసి అదే చట్రంలో గ్రామాన్ని ఒక దృశ్యంగా చూస్తున్నాడు. చిత్రించబడిన సమాజమే శ్రోతగా, పోషకుడిగా, విమర్శకుడిగా ఉన్న స్థితి మారి, ఆ సమాజం చిత్రవస్తువుగా మాత్రమే మిగిలింది.

ముగింపు

చేర్యాల నకాషీల చరిత్ర గ్రామీణ కళాకార సమూహం తన సమాజంతో కలిగి ఉండే బంధం సద్భావనపై మాత్రమే ఆధారపడదని నిరూపిస్తున్నది. హక్కు, బాధ్యత, ప్రతిఫలం, పరస్పర నియంత్రణ అనే నాలుగు అంశాలు ఆ బంధాన్ని నిలిపాయి. వీటిలో ప్రతిఫలాన్ని కొత్త విపణి కొంతమేరకు సమకూర్చగలిగింది. మిగిలిన మూడింటికీ ప్రత్యామ్నాయం ఏర్పడలేదు. అందువల్ల ఈ కళ పరిరక్షణ అంటే రంగులు, గుడ్డ, శైలి పరిరక్షణ అని మాత్రమే భావించడం అసమగ్రం. కూనపులి, డక్కలి, కాకిపడగల కథకుల నోట మిగిలిన పాఠాలను వారు వాడిన పటాలతో జతపరచి నమోదు చేయడం తెలుగు శాఖలు తక్షణం చేపట్టవలసిన కర్తవ్యం. పటాన్ని కొత్త గుడ్డపై మళ్లీ గీయవచ్చు. దానిని చదవగలిగిన చివరి కథకుడు వెళ్లిపోతే, అది ఏ వరుసలో ఏమి చెబుతున్నదో చెప్పగలవారు మిగలరు.