కాఫీ లోపల, చాయ్ బయట

మా నాయనమ్మ కాఫీ గురించి మా ఇంట్లో బోలెడు కథలున్నాయి. తెనాలి దగ్గర పల్లె వదిలి 1970లలో శామీర్‌పేటకు వచ్చి ద్రాక్షతోట వేసినప్పుడు, వెంట తెచ్చుకున్న కొద్దిపాటి సామానులో ఇత్తడి ఫిల్టరు, గింజలు ఆడించే చేతిమర ఉన్నాయని మా నాన్న ఇప్పటికీ చెప్తుంటాడు. పొద్దున నాలుగున్నరకు ఒక గ్లాసు పడితే చాలు, ఇరవైమంది పనివాళ్లను ఒంటిచేత్తో అజమాయిషీ చేసేదని అంటాడు. ఈ కథల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మగవాళ్లు, పిల్లలు తిని లేచేదాకా, అంటే మధ్యాహ్నం రెండున్నర దాకా, ఆవిడ ఏమీ తినేది కాదు. మధ్యలో మూడుసార్లు కాఫీ తాగేది.

నాకీ సంగతి తట్టింది కడుపుతో ఉన్నప్పుడు. మేడ్చల్‌లో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. నెలరోజులుగా ఐరన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. "దేంతో వేసుకుంటున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ. "పొద్దున కాఫీతో" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. నవ్వి, "మీరు కూడానా?" అంది. స్త్రీల ఆత్మకథల్లో శరీరం అనే అంశం మీద సిద్ధాంత వ్యాసం రాసినదాన్ని నేను. ఆ వ్యాసమంతా రాత్రుళ్లు కాఫీ మీదే రాశాను. ఆ కాఫీ నా శరీరంలో ఏం చేస్తోందో ఒక్కసారీ అడగలేదు.

కాఫీ చరిత్ర మనకు తెలియక కాదు. సాహిత్య విద్యార్థులందరం హేబర్‌మాస్‌ను చదివే ఉంటాం. పదిహేడు, పద్ధెనిమిదో శతాబ్దాల లండన్ కాఫీహౌసుల్లో పత్రికలు చదువుతూ, రాజకీయాలు వాదిస్తూ బహిరంగ చర్చావేదిక పుట్టిందని ఆయన 1962లో రాశాడు. ఆ చర్చలో ఆడవాళ్లు లేరు. కొన్ని కాఫీహౌసులను నడిపింది, గ్లాసులు అందించింది ఆడవాళ్లే అయినా కూర్చుని మాట్లాడే హక్కు వాళ్లది కాదు. 1674లో లండన్‌లో 'కాఫీకి వ్యతిరేకంగా స్త్రీల విన్నపం' అనే కరపత్రం వచ్చింది. కాఫీ తాగి మా మగవాళ్లు పనికిరాకుండా పోతున్నారని దాని ఫిర్యాదు. అది స్త్రీల పేరుతో మగవాళ్లు రాసిన వెటకారమేమోనని చాలామంది పరిశోధకుల అనుమానం. అంటే స్త్రీలు తమ గొంతుతో చెప్పారనుకునే మాట కూడా స్త్రీలది కాకపోవచ్చు. అరవై ఏళ్ల తర్వాత బాఖ్ స్వరపరచిన 'కాఫీ కాంటాటా'లో ఒక కూతురు కాఫీ మానమంటే మానదు. మొగుణ్ణి తెస్తానంటే ఒప్పుకుంటుంది గానీ, కాఫీ కాచుకోనిచ్చేవాణ్ణే చేసుకుంటానని లోపాయికారీగా షరతు పెడుతుంది. అక్కడ నవ్వు పుట్టిస్తున్నది ఆడదాని కోరిక.

మన పక్కనే తమిళదేశంలో ఇదే కథ ఇంకో రకంగా నడిచింది. ఎ.ఆర్. వెంకటాచలపతి 2006లో వచ్చిన పుస్తకంలో దాన్ని వివరంగా చెప్పాడు. పొద్దున్నే తాగే చద్దినీళ్ల స్థానంలోకి కాఫీ వచ్చింది. అది పైకులాల, మధ్యతరగతి నాగరికతకు గుర్తయింది. టీ శ్రామికుల పానీయమైంది. ఈ వ్యసనం ఇంట్లోకి, ఆడవాళ్లలోకి పాకుతోందన్న దిగులూ పుట్టింది. మన కోస్తాలో తరవాణికీ చద్దన్నానికీ పట్టిన గతీ ఇదే. చద్దన్నం తినడం నామోషీ అయింది. నేను గమనించమనేది ఒక్కటే. చద్దన్నం తిండి. కాఫీ తిండి కాదు. పొద్దుటి తిండి పోయి పొద్దుటి పానీయం వచ్చింది. మగవాళ్లకు ఆ వెనకే ఇడ్లీ వచ్చింది, ఉప్మా వచ్చింది. వండే ఆమెకు చాలా ఇళ్లలో ఆ గ్లాసే మిగిలింది.

టీ చరిత్ర ఇంకా సూటిగా ఉంటుంది. 1903లో వలస ప్రభుత్వం టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో టీ ప్రచారానికి ఒక సంఘం పెట్టింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్యాక్టరీల్లో, గనుల్లో, మిల్లుల్లో టీ అంగళ్లు పెట్టించారు. కూలీ టీ తాగితే అలసట తీరి పని ఎక్కువ చేస్తాడని యజమానులకు నచ్చజెప్పారు. ఆకలిగొన్న మనిషి చేతికి గిన్నె బదులు గ్లాసు ఇవ్వడం యాదృచ్ఛికంగా జరగలేదు.

ఇంతకీ ఆ అలసట తీరుతుందా? 1819లో రుంగె అనే జర్మన్ రసాయనికుడు గొథే ఇచ్చిన కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను విడదీశాడు. అది మెదడులో పనిచేసే తీరు ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు గానీ స్పష్టం కాలేదు. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంటుంది. ఇక చాలు, పడుకో అని చెప్పేది అదే. కెఫీన్ రూపంలో దాన్ని పోలి ఉంటుంది. అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. అలసట పోదు, అలసిపోయావన్న కబురు అందదు. పోగవడం ఆగదు గనక కెఫీన్ దిగగానే అంతా ఒక్కసారి మీద పడుతుంది. కాఫీ శక్తినిస్తుందని మనం అంటాం. కాఫీ ఇచ్చేది అప్పు.

ఆ అప్పు తీరే గడువు కూడా ఒంటిని బట్టి మారుతుంది. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికి మామూలుగా అయిదు గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు దాదాపు రెట్టింపు. నెలలు నిండుతున్న గర్భిణికి పదిహేను గంటల దాకా కూడా పట్టవచ్చు. కడుపులో బిడ్డకు దాన్ని విరగ్గొట్టే శక్తే ఉండదు. 'ఒక కప్పు కాఫీ' అన్న కొలత ఎవరి ఒంటిని చూసి పెట్టిందో ఆలోచించండి.

కాఫీని దుర్వ్యసనమని తిట్టడానికి నేనిది రాయడం లేదు. ఆ నీతిబోధ మనకు కొత్త కాదు. టీ, కాఫీ, కోకోలు శరీరానికి అవసరం లేదని గాంధీ 1942లో నిర్బంధంలో ఉండి రాసిన ఆరోగ్య పుస్తకంలో చెప్పాడు. మితంగా తాగితే మేలే ఉన్నట్టు చాలా అధ్యయనాలు చెప్తున్నాయి. అమెరికాలో యాభైవేలమందికి పైగా స్త్రీలను పదేళ్లు గమనించిన ఒక పరిశోధన 2011లో వచ్చింది. కాఫీ ఎక్కువ తాగేవాళ్లలో డిప్రెషన్ తక్కువగా కనిపించింది. కాఫీయే కారణమని దానివల్ల రుజువు కాదు, కానీ తీసిపారేయలేం. నాయనమ్మకు రోజు మొత్తంలో ఎవరూ పిలవని పదినిమిషాలు ఆ నాలుగున్నర గ్లాసువే. ఆ పదినిమిషాలను నేను కాదనలేను.

అయితే నాయనమ్మ దగ్గరే ఆగితే నా కథ అబద్ధమవుతుంది. ఆ తోటలో అనాబ్-ఎ-షాహీ తీగలు కత్తిరించింది, గుత్తులు పలచన చేసింది, గంపలకెత్తింది చుట్టుపక్కల మాదిగవాడల ఆడవాళ్లు. వాళ్లకు కాఫీ లేదు. రోజుకు రెండుసార్లు చాయ్. నాయనమ్మే కాచేది, పాలు తక్కువ, చక్కెర ఎక్కువ. కాఫీ లోపల వంటింట్లో, చాయ్ బయట చెట్టుకింద.

పోయిన ఏడాది వాళ్లలో ఒకామెను వెతుక్కుంటూ వెళ్లాను. చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలం కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లం. ఇప్పుడు అవ్వా అంటున్నాను. ఆమె నన్ను బిడ్డా అంటోంది. ఈ రెండు పిలుపుల మధ్య ముప్పై ఏళ్లు పట్టింది. చాయ్ గురించి చెప్పమంటే నవ్వింది.

"చాయ్ తాగితే ఆకలి సచ్చేది బిడ్డా. ఆకలి సచ్చినంక పొద్దుగూకేదాక చేతులు నడిచేటివి. మీ నాయనమ్మకు ఆ ఎరుక ఉండె. గందుకే పదకొండింటికి ఒకపారి, నాలుగింటికి ఒకపారి పోసేది."

"మా నాయనమ్మ కూడా అట్లనే తాగేది అవ్వా, తినకుండా" అన్నాను. ఇద్దరినీ ఒకచోట చేర్చాలన్న తొందర నాది.

"ఆమె తింటలేకుండె. మాకు లేకుండె" అంది.

నా వ్యాసానికి అప్పటికే వేసుకున్న ముగింపు ఆ మాటతో పోయింది. కెఫీన్ ఇద్దరి మెదడులోనూ ఒకే చోట కూర్చుంది. ఇద్దరి ఆకలీ అణిగింది. కానీ ఒకరి ఆకలి ఇంటి మర్యాద, ఇంకొకరి ఆకలి కూలి రేటు. ఒకరి అలసట కబురు తన కుటుంబం కోసం ఆగింది. ఇంకొకరిది మా కుటుంబం కోసం ఆగింది. దాన్ని ఆపింది మా నాయనమ్మ చేయి.

గ్లాసుల సంగతి నేనడగలేదు. ఆమే చెప్పింది. "నా గిలాస పశుల కొట్టం గూట్లె ఉండేది. తాగి, కడిగి, మల్ల ఆడ్నే బోర్లిచ్చేది." ఆ గూడు నాకు గుర్తుంది. అందులో అయిదారు గ్లాసులు బోర్లించి ఉండేవి. అవి ఎవరివని నేను ఎప్పుడూ అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసి ఉండాలి.

అవ్వకు అయిదు కాన్పులు. ఇద్దరు దక్కలేదు. ప్రతి కాన్పుకూ రక్తం లేదన్నారు. అది చాయ్ వల్ల జరిగిందని నేననను. సద్ది మూట పలచబడ్డంవల్ల జరిగింది. కానీ ఆ పలచని సద్దిలో ఉన్న కాస్త ఇనుమును కూడా ఒంటబట్టనివ్వనిది ఆ వెంటనే తాగే గ్లాసు. ఈ పని చేసేది కెఫీన్ కాదు, టీ కాఫీల్లోని పాలీఫినాల్స్. 1983 నాటి ఒక అమెరికన్ అధ్యయనంలో భోజనంతో కాఫీ తాగితే ఇనుము ఒంటబట్టడం 39 శాతం, టీ తాగితే 64 శాతం తగ్గింది. గంట ముందు తాగిన కాఫీ ఏమీ చేయలేదు. గంట తర్వాత తాగింది మాత్రం భోజనంతో తాగినంత పనీ చేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో టీ తోటల కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దనీ, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు మానమనీ చెప్పాయి. మంచి మాటే. అయితే భోజనం మధ్యలో గంట ఖాళీ ఎవరికుంది? ఇప్పుడు మా తోట వెంచరైంది. అవ్వ మనవరాలు జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తోంది. అన్నానికీ చాయ్‌కీ కలిపి అరగంట బ్రేకు. రాత్రి షిఫ్టయితే బ్యాగులో ఇన్‌స్టంట్ కాఫీ ప్యాకెట్లు. రెండు రూపాయల ప్యాకెట్టుతో కాఫీ అందరిదీ అయింది. నిద్ర అందరిదీ కాలేదు.

ఆ రోజు అవ్వ ఇంట్లో అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కోగానే మనవరాలు చాయ్ తెచ్చింది. నేను మధ్యాహ్నం మాత్ర అప్పుడే వేసుకుని ఉన్నాను. డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. ఆ ఇంట్లో, మా ఇంటి పేరున్న మనిషి గ్లాసు వద్దంటే దానికి ఉన్న అర్థం ఒక్కటే. ఐరన్ గురించి నేనెంత చెప్పినా అది మారదు.

"మా గిలాసలన్ని ఒక్క తీరుగనే ఉంటయి, చూస్కో" అంది అవ్వ. ఎత్తిపొడుపో, పరాచికమో నాకు తెలియలేదు.

తాగాను. మాత్రను రాత్రికి మార్చుకున్నాను.